కమిషను ముందర నీ పేరు

మళ్ళా వచ్చె చూడు మామా, నీ ఫోనుకి కరెంటు బిల్లు మెసేజి! నువ్వు పోయి ఏడు నెలలాయె. సొంతోళ్ళే పలకరించేది మానేసినారు. కరెంటోళ్ళు మాత్రం నిన్ను మరవలే. టింగు అంటారు, కట్టు అంటారు. ఎంత ప్రేమో!

ఆఁ ఆఁ, గమ్మునుండు. నేను చెప్తా, నువ్వు విను. ఇన్నేండ్లు నువ్వు చెప్పిందంతా మన పిండి మిషను మోతలో నాకు సగమే వినిపించె. ఇప్పుడు నా వంతు.

నీ ఫోను చెవికాడ పెట్టుకోని మాట్లాడతాండా. ఆ పక్క ఎవరూ లేరని ఈ బస్సులో ఎవరికి తెలుసు? ఒట్టిగా మాట్లాడితే పిచ్చిదంటారు. చెవికాడ ఇదొకటి పెట్టుకుంటే పెద్ద యాపారమంటారు. ఇప్పుడే కండక్టరు టికెట్టు చించతా, "ఏమమ్మా, ఆ పక్క మనిషికి రవంతన్నా మాట్లాడేదానికి చాన్సు ఇయ్యవా?" అన్నాడు. "ఇచ్చినానప్పా, నలభైమూడేండ్లు ఇచ్చినాను" అన్నాను. బస్సంతా నవ్వె.

కృష్ణగిరిలో ఎక్కినాము. శూలగిరిలో దిగి మన అత్తిముగం బస్సు పట్టల్ల. పక్కన మన సుబ్బక్క. నోరు తెరుచుకోని నిద్రపోతాంది. ఆయమ్మ లేచేలోపల నీకొకటి చెప్పల్ల.

ఏమంటే మామా, ఈ పొద్దు నేనొక తప్పు చేసినాను. ఒకటి కాదులే, రెండు. మొదటే చెప్తే నువ్వు మొగం తిప్పుకుంటావు, మిగిలింది వినవు. అందుకే వరసగా చెప్తా.

మన శివరాజ్ లేడా, హోసూరులో లేతు షాపు, మన మిషనుకి బేరింగులు వేసేవాడు? పోయిన నెల పుల్లీ బాగు చేసేదానికి వచ్చి, "అమ్మా, కరెంటు రేట్లు పెంచుతారంట" అన్నాడు. మోటారు తిరిగినా తిరగకపోయినా కట్టేది ఉండాది కదా, అది పెంచుతారంట. సాయంత్రం పూట మిషను ఆడిస్తే దానికి వేరేగా జాస్తి అంట.

నేనేమంటాను? "పెంచితే పెంచుతారులేప్పా. మనల్ని అడిగి పెంచుతారా?" అన్నాను.

"అడిగే పెంచల్లమ్మా!" అన్నాడు. నువ్వు విన్నావా ఈ చోద్యం? వాళ్ళంతట వాళ్ళు పెంచేదానికి లేదంట. వాళ్ళ పైన కమిషనని ఒకటి ఉండాదంట, జడ్జిమాదిరి. కరెంటోళ్ళు దాని ముందర నిలబడి, "మాకు ఇంత ఖర్చయితాంది, వచ్చేది చాలలేదు, రవంత పెంచుకుంటాము" అని మనవి పెట్టుకోవల్లంట. ఆ మనవిని పేపర్లో వేస్తారంట. ఆనెక జనాల్ని పిలిచి, "ఏమప్పా, ఏమమ్మా, మీరేమంటారు?" అని అడుగుతారంట. అందరు చెప్పిందీ రాసుకోని, అప్పుడు ఆర్డరు.

నాకు నవ్వొచ్చె మామా. అంత పెద్ద ఆఫీసోళ్ళు, ఒక దినం కరెంటు తీసేస్తే ఊరు ఊరే చీకటయ్యే మనుషులు, వాళ్ళు గూడా చేతులు కట్టుకోని అడగల్లనా!

అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. రాగులాడించే రేటు పెంచల్లంటే నువ్వెంత రభస చేసేవాడివి! వారం ముందరే రాయికి గాట్లు పెట్టించేది, జల్లెడ మార్చేది. ఆనెక నలుగుర్ని బెంచీమీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, పిండి వాళ్ళ అరచేతిలో పోసి, "చూడండప్పా, మెత్తగా ఉండాదా?" అని అడిగేది. ఈ సుబ్బక్క తాగేది నీ టీ, చేసేది నీతోనే గలాట. "దీనికా రేటు పెంచేది? నా పండ్లే నీ రాయికన్నా మేలు!" అనేది. ఇప్పుడు ఆ పండ్లూ లేవు పాపం.

శివరాజ్ పోతాపోతా, "ఆ జనాల్ని అడిగే సభ కృష్ణగిరిలో పెడతాండారమ్మా, మన పక్క పెట్టేది ఇదే మొదలు. నువ్వూ వచ్చి మాట్లాడు. చిన్న మిషనోళ్ళు ఎవరూ రారు. రాకపోతే, ఎవరూ వద్దనలేదని రాసుకుంటారు" అన్నాడు.

పోదామా వద్దా అని మూడు దినాలు ఆలోచన చేసినాను. మన పుష్పావతి మత్తూరు నుంచి ఫోను చేసి, "అమ్మా, ఎందుకమ్మా నీకు ఈ తిరుగుడు? రేటు పెరిగితే మిషను గిట్టదు. మోటారు అమ్మేసి మా ఇంటికి వచ్చేయ్" అనె. కూతురు మంచికే చెప్తాంది, కాదనను. కానీ మోటారు అమ్మేస్తే ఆ కొట్లో ఏముంటాది మామా? స్విచ్చి పెట్టెమీద నీ బొటనవేలు పెట్టి పెట్టి పెయింటు పోయి గుంట పడింది చూడు, నేను దినామూ పొద్దున ఆ గుంటలోనే వేలు పెట్టి మోటారు ఏస్తాను. మత్తూరులో ఆ గుంట యాడుంటాది?

అదీ సంగతి. అందుకే పోయినాను.

పెద్ద కళ్యాణమండపం మామా. పెండ్లికొడుకు కూర్చునే స్టేజీమీద మూడు కుర్చీలు, ముగ్గురు పెద్దమనుషులు. నడి కుర్చీలో ఆయప్ప తెల్ల మీసాలు, నిదానస్తుడు. ఒక పక్క కరెంటోళ్ళు, ఇంత ఇంత ఫైళ్ళు. గోడమీద బొమ్మ వేసి చూపించినారు. ఎర్ర గీత పైకి ఎగబాకతాంది, పచ్చ గీత కిందనే పడుకోనుండాది. ఎర్రది ఖర్చంట, పచ్చది రాబడంట. బొగ్గు పెరిగె, వైర్లు పెరిగె, జీతాలు పెరిగె అని ఒక ఇంజనీరు చెమట తుడుచుకుంటా చెప్తాండాడు. పాపం అనిపించె. మన ఇంట్లో గూడా అవే గీతలు కదా! మనకి గోడమీద వేసి చూపించేవాళ్ళు లేరు, అంతే.

వాకిటికాడ టేబులు ఏసుకోని అంబిక అని ఒక ఆడబిడ్డ పేర్లు రాస్తాంది. ఈడ మొదలాయె నా కష్టం.

"అవ్వా, మీ సర్వీసు నంబరు?" రీడింగు రాసే కరెంటు అట్ట ఇచ్చినాను. నంబరు కనిపిస్తాంది. పేరున్న చోట నీ ఆయిలు చేతులు, పిండి, అంతా మాసిపోయి నల్లగా ఉండాది.

"సర్వీసు ఎవరి పేరు మీద ఉండాది?"

"మా ఇంటాయన పేరు మీద."

"ఆయన పేరేమి?"

నేనెట్ల చెప్పేది? నా నోట నీ పేరు ఎప్పుడన్నా వచ్చిందా? మా అమ్మ నీకు సొంత అక్క, ఆమె వీధి చివర్నించి గొంతు చించుకోని పిలిచేది నిన్ను. నేను గూడా పావడ కట్టుకునే వయసులో మేనమామవని పేరు పెట్టే పిలిచినానంట. తాళి కట్టిన దినం నుంచి నోటికి బీగం. మొగుని పేరు చెప్తే ఆయుస్సు తగ్గుతాదని అవ్వ చెప్పె. నమ్మినాను. రేషను ఆఫీసులో నువ్వే చెప్పుకున్నావు. ఆస్పత్రిలో పుష్పావతి చెప్పె. ఆ… నువ్వు పోయినప్పుడు సర్టిఫికెట్టుకి గూడా అదే చెప్పె. నేను పక్కనుండి తల ఊపినాను.

సుబ్బక్కని చూసి, "నువ్వు చెప్పు" అని సైగ చేసినాను. ఆయమ్మ గుండె విరుచుకోని చెప్పింది కదా: "మిషనప్ప!"

నవ్వకు! ఆయమ్మ తప్పేముండాది? ఊర్లో నిన్ను పేరు పెట్టి పిలిచినోడెవడు? పిల్లోళ్ళకి మిషను తాత, పెద్దోళ్ళకి మిషనప్ప. సుబ్బక్కకి నీ అసలు పేరే తెలీదంట! నలభై ఏండ్లు నీ టీ తాగి!

ఆ బిడ్డ గూడా మిషనప్ప అని చక్కంగా రాసి చీటీ ఇచ్చె. నేను గూడా సరేలే, పని జరిగితే చాలని పోయి కూర్చున్నాను.

ఒకరి ఎనక ఒకరు మాట్లాడతాండారు. మూడు నిమిషాలు ఒక్కొక్కరికి. రెండు నిమిషాలకి ఒక గంట కొడతారు, మూడుకి ఇంకొకటి, మైకు ఆపేస్తారు. శివరాజ్ కాగితం చూసి లెక్కలన్నీ బాగా చెప్పె. ఆనెక నన్ను పిలిచినారు. ఏమని? శ్రీ అన్నట్ల అరవంలో మర్యాదగా, "తిరు మిషనప్ప!"

మండపమంతా తిరిగి చూసె, ఎవడప్పా వీడని. నేను కొంగు సర్దుకోని లేచినాను.

మైకుకాడికి పోతూనే కరెంటోళ్ళ పక్కనుంచి ఒకాయప్ప కంప్యూటరు చూసి లేచినాడు. "సార్, ఈ నంబరుకి మా దాంట్లో వేరే పేరుండాది. మిషనప్ప కాదు. సరైన పేరు చెప్తేనే రికార్డులో ఎక్కేది."

నడి కుర్చీ పెద్దాయన నెమ్మదిగా, "చెప్పమ్మా, పేరు చెప్పు. పేరు లేకపోతే నువ్వు చెప్పింది మేము రాసుకునేదానికి లేదు" అన్నాడు.

"సార్, నేను చెప్పకూడదు" అన్నాను.

"ఎందుకు?"

"ఆయన నా మొగుడు సార్."

నవ్వినారు చూడు! మండపం కప్పు లేచిపోతాదేమో అనుకున్నాను. ఆడోళ్ళు మాత్రం నవ్వలే. వాళ్ళకి తెలుసు.

పెద్దాయన గూడా మీసాల్లో నవ్వి, "పోనీ, గురుతు చెప్పు. మేము కనుక్కుంటాము" అన్నాడు. మంచోడు.

"కంచిలో ఉండే సామి పేరు సార్."

ఎనక నుంచి ఒకడు "ఏకాంబరం!" అని అరిచె. కాదప్పా, ఆయన శివుడు, మనది నామం. ఇంకొకడు "కామాక్షి!" అనె. ఓరి నీ తెలివి మండా, మొగుని పేరు కామాక్షా? "కప్పుకి బంగారు బల్లి ఉంటాదే, ఆ గుడి సామి" అన్నాను. శివరాజ్ గూడా లేచి "పెరుమాళ్!" అనె. కంప్యూటరాయన తల అడ్డం తిప్పె. పెద్దమనుషులు, కరెంటోళ్ళు, జనం, అందరూ రేట్లు మరిచిపోయి నీ పేరు ఎతుకుతాండారు మామా! అంత పెద్ద సభ ఎవడికి జరిగింది చెప్పు? మన పెండ్లికి గూడా అంత మంది రాలే.

అంతలో కొట్టినారు గంట. టంగ్!

రెండు నిమిషాలు అయిపోయె. ఇంగ ఒక్కటే ఉండాది. మోటారు మాట ఎత్తనే లేదు. సాయంత్రం రేటు మాట ఎత్తనే లేదు.

ఆ ఒక్క రవ్వలో నాకేమనిపించిందో తెలుసా? నీ ఆయుస్సు తగ్గకూడదని నలభైమూడేండ్లు నోరు మూసుకున్నాను. చానా భద్రంగా కాపాడినాను. అయినా నువ్వు పోయినావు. ఇంగ తగ్గేదానికి ఏముండాది మామా?

చెప్పేసినాను.

"వరదప్ప" అన్నాను.

అది ముందు వరసకే వినిపించలే. మైకుకి దగ్గరగా పోయి ఇంకొకతూరి, "వరదప్ప సార్. అత్తిముగం వరదప్ప."

మండపానికి నాలుగు మూలలా స్పీకర్లు కట్టినారు కదా, ఆ నాలుగింట్లోంచీ నీ పేరు తిరిగి నా మీదికే వచ్చె. వరదప్ప, వరదప్ప అని. నా గొంతే అది. నా గొంతులో నీ పేరు ఎట్లుంటాదో నాకే తెలీదు చూడు ఇన్నాళ్ళూ. బాగుండాది మామా. నిండా బాగుండాది.

ఇది మొదటి తప్పు.

రెండోది దీని ఎనకనే వచ్చె. పెద్దాయన కలం తీసి రాసుకుంటా, "వరదప్ప రాలేదామ్మా?" అని అడిగినాడు.

ఇప్పుడు చెప్పు, నేనేమనల్ల? మన లైన్‌మేన్ గోపీచంద్ రెండుతూర్లు ఇంటికొచ్చి చెప్పిపోయినాడు: "అమ్మా, మనిషి పోయినాక ఆయన పేరు మీద సర్వీసు ఉండకూడదు. కాగితాలు తెచ్చి నీ పేరుకి మార్పించుకో." సరే సరే అన్నాను. పోలే. ఇప్పుడు పెద్దాయన ముందర ఆయన లేడు సార్ అంటే, ఆ కంప్యూటరాయన ఆడికాడనే టక్కుమని కొట్టి తీసేస్తాడేమో! రేషను కార్డులోంచి తీసేసినారు. ఓటరు లిస్టులోంచి తీసేసినారు. కరెంటోళ్ళొక్కరే కదా నిన్ను ఇంకా పెట్టుకోనుండేది?

"రాలేదు సార్" అన్నాను. "మిషనుకాడ ఉండాడు. మిషను ఇడిచిపెట్టి యాడికీ రాడు సార్."

అబద్ధమా మామా ఇది? నువ్వే చెప్పు. నాకైతే సగమే అబద్ధం అనిపించె.

సుబ్బక్కని చూసినాను. ఆయమ్మ నోరు తెరిచింది. నేను కండ్లు ఇంత చేసినాను. మూసేసింది! పుట్టి బుద్ధెరిగినాక సుబ్బక్క మాటని మింగింది ఈ పొద్దే.

పెద్దాయన "సరే, వరదప్ప తరఫున మీరు చెప్పండి" అన్నాడు. అంతే, నాకెక్కడ్నించి వచ్చెనో ధైర్యం. అరవంలో మొదలుపెట్టినాను, సగంలో మన తెలుగు దూరె, శివరాజ్ పక్కనుండి మార్చి చెప్పె.

"సార్, మా ఇంటాయన రేటు పెంచల్లంటే మొదట రాయి బాగు చేసేవాడు, పిండి జనం చేతిలో పోసి మెత్తగుందా అని అడిగేవాడు, ఆనెకే రేటు మాట ఎత్తేవాడు. మీరిచ్చే కరెంటు చూడండి. సాయంత్రమయితే మా మోటారు ఈనలేని ఎనుముమాదిరి మూలుగుతాది. రెండుతూర్లు కాలిపోయె. సాయంత్రం జాస్తి రేటంటారు. కూలికి పోయిన ఆడోళ్ళు సాయంత్రం కాక ఎప్పుడొస్తారు సార్ రాగులెత్తుకోని? పొద్దున వస్తే కూలి పోతాది, రాకపోతే సంగటి పోతాది. మొదట కరెంటు బాగు చేయండి, ఆనెక అడగండి. పిండి చూపించకుండా రేటు అడిగితే ఎట్ల సార్?"

టంగ్! మైకు ఆగె. చప్పట్లు ఆగలే! ఆ చెమట తుడుచుకునే ఇంజనీరు గూడా రెండు తట్లు తట్టి, పక్కాయన చూసేసరికి చేతులు దించుకునె.

అన్నీ నీ మాటలే కదా. నావేముండాయి.

రేటు పెంచుతారా లేదా అంటే తెలీదు. ఈ పొద్దు తేల్చరంట. అందరివీ చదివి ఆర్డరు వేస్తారంట. శివరాజ్‌ని అడిగితే, "పెంచుతారమ్మా, రవంత తగ్గించి పెంచుతారు" అన్నాడు. పోనీలే. సాయంత్రం మాట రికార్డులో ఎక్కింది, అది చాలు.

వచ్చేటప్పుడు ఆ అంబిక నన్ను పిలిచి, చీటీలో మిషనప్ప కొట్టేసి సరిగ్గా రాసిచ్చె. "అవ్వా, మీరడిగినదానికి కరెంటాఫీసు కాగితంమీద జవాబు రాయల్ల. అది ఇంటికే వస్తాది, వరదప్పగారికి అని" అనె. విన్నావా? గారు! నీకెవడన్నా గారు అన్నాడా ఇంతవరకు?

ఇంగ ఆ పుస్తకంలో ఉండావు నువ్వు. అత్తిముగం వరదప్ప, పిండి మిషను, ఈ పొద్దు రాలేదు. అంతే రాసినారు. లేడని రాయలే.

గోపీచంద్ మళ్ళా వస్తాడు, తెలుసు. ఒక దినం మార్చకుండా కుదరదు, అదీ తెలుసు. కానీ నిజం చెప్పనా మామా? ఎవరికీ చెప్పకు. రేట్లు పెంచము రంగమ్మా, పేరు మాత్రం మార్చేస్తామంటే, నాకొద్దు అంటాను. పెంచుకోండప్పా, టింగుమని ఆయన పేరుకే పంపించండి, నేను ఎట్లో ఆడించి కడతాను అంటాను. దీనికోసమా బస్సెక్కి పోయి అంత గలాట చేసి వచ్చినావు అని నువ్వు నవ్వుతావు. నవ్వుకో.

ఏమి సుబ్బక్కా? లేచినావా? ఏమీ లేదు, ఊరికే మాట్లాడతాండా…

చూడు మామా, ఆయమ్మ నిద్రే పోలేదంట! కండ్లు మూసుకోని అంతా వినిందంట. "మిషనప్పని నేనూ అడిగినానని చెప్పు. కమిషను టీలో చక్కెర లేదు, ఆయప్ప టీనే బాగుండేదని చెప్పు" అంటాంది. విన్నావు కదా, నేను వేరే చెప్పేదేముంది.

శూలగిరి వచ్చె. దిగల్ల. మన ఊరి బస్సు నిలబడే ఉండాది, ఆ బస్సులో ఆడోళ్ళకి టికెట్టు లేదు, ఇంగ ఊరు చేరేదాకా ఎంతసేపన్నా మాట్లాడొచ్చు. కానీ బేటరీ ఒక్క గీతే ఉండాది. సాయంత్రం రాగులోళ్ళు వచ్చేస్తారు, పోయి మోటారు ఏయల్ల.

ఉంటా మరి, వరదప్పా.

ఏం? కోపమా? పేరు పెట్టి పిలిచిందని కోపమైతే, వచ్చి అడుగు.